పోటు తగ్గేదాకా

దక్షిణాఫ్రికా వైల్డ్ కోస్ట్‌లో పోర్ట్ సెయింట్ జాన్స్ నుంచి కాఫీ బే దాకా సముద్రం పక్కనే నడుచుకుంటూ పోవచ్చు. సుమారు 60 కిలోమీటర్లు, జనం నాలుగైదు రోజులు తీసుకుంటారు. రోజూ పార్కులో తిరిగేవాళ్లకి ఇదో లెక్కా అనిపిస్తుంది గానీ, అక్కడ పెత్తనమంతా ఏటి మొగలది. చాలావాటికి వంతెనల్లేవు. పోటు మీదుంటే కూర్చోవాల్సిందే. తగ్గాక బ్యాగు నెత్తిన పెట్టుకుని దాటాలి, లోతైతే ఊళ్లో పడవున్నతన్ని కేకేయాలి. మొగల్లో షార్కులు కూడా తిరుగుతాయట (ఈ ముక్క ఇంట్లో చెప్పకండి).

రాత్రి బస ఊళ్లోనే, గుండ్రటి గుడిసెల్లో. పొద్దున లేచి చూస్తే ఇసుకలో ఆవులు పడుకుని నెమరేస్తుంటాయి.

1782లో మద్రాసు నుంచి ఇంగ్లండుకి బయల్దేరిన గ్రోవ్‌నర్ అనే ఈస్టిండియా కంపెనీ ఓడ ఈ తీరంలోనే, కాస్త ఉత్తరాన బద్దలైంది. వందమందికి పైగా ఒడ్డున పడ్డారు, మన దేశపు నావికులైన లాస్కర్లతో సహా. డచ్చివాళ్ల ఊళ్ల దాకా నడిచి బతికి బయటపడ్డవాళ్లు కొద్దిమందే.

ఇలాంటి చోటిని ‘మనిషి అడుగు పడని తీరం’ అని రాసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఎవరి మొక్కజొన్న చేను గట్టు మీద నడిచారు మరి? 2021 డిసెంబరులో షెల్ చమురు కంపెనీ సముద్రపు సర్వేని కోర్టు ఆపించింది కూడా ఇక్కడి జనాన్ని సరిగ్గా సంప్రదించలేదనే.

వెళ్లేవాళ్లుంటే చిల్లర ర్యాండ్లు దగ్గరుంచుకోండి. పడవతను కార్డు తీసుకోడు.