సూపు గిన్నె చెక్కిన గుమ్మం

లండన్‌లో ఈస్ట్‌హామ్ అంటే మన అమీర్‌పేటకు దగ్గరి చుట్టం. రైలు దిగితే తెలుగు వినిపిస్తుంది, ఇడ్లీ దొరుకుతుంది. మా మేనల్లుడు అక్కడే నలుగురు కుర్రాళ్ళతో ఉంటున్నాడు. పొద్దున్న పనికి వెళ్తూ, "టవర్ బ్రిడ్జి చూసి రండి మావయ్యా" అన్నాడు. నేను మాత్రం డిస్ట్రిక్ట్ లైన్ రైలెక్కి ఆల్డ్‌గేట్ ఈస్ట్‌లో దిగాను. బ్రూన్ స్ట్రీట్‌లో ఒక పాత గుమ్మం చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక.

దానికి కారణం మా తాతయ్య. ఆయన తెనాలిలో వారాలు చేసుకుని చదువుకున్నాడు. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో. తూర్పు ఐరోపా యూదుల్లోనూ మతపాఠశాలలకు ఊరుగాని ఊరొచ్చిన పేద పిల్లలు సరిగ్గా ఇలాగే రోజుకో ఇంట తినేవారని, దాన్ని యిడ్డిష్‌లో 'ఎస్సెన్ తెగ్', అంటే 'రోజులు తినడం' అంటారని చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అప్పటి నుంచీ ఆ జనం తమ పిల్లల్ని ఎలా చూసుకుంటారో దగ్గర్నుంచి చూడాలనిపించింది.

బ్రూన్ స్ట్రీట్ ఓ పట్టాన దొరకలేదు. వెంట్‌వర్త్ స్ట్రీట్‌లో బట్టల కొట్ల మధ్య రెండుసార్లు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చాను. తర్వాత బెల్ లేన్‌లో పడ్డాను. 1732లో మొదలైన జ్యూస్ ఫ్రీ స్కూల్, అంటే యూదుల ఉచిత బడి, ఒకప్పుడు ఈ సందులోనే ఉండేది. రష్యా నుంచి పారిపోయి వచ్చిన వాళ్ళ పిల్లలతో కిటకిటలాడిన రోజుల్లో అందులో నాలుగు వేలమందికి పైగా చదివేవారు. ఇంత ఇరుకు సందులో అంతమంది ఎలా పట్టారా అని నిలబడి చూస్తుంటే, ఒక బంగ్లాదేశీ కొట్టాయన బయటికొచ్చి, "సూపు గిన్నె బొమ్మ ఉన్న ఇల్లేనా?" అని తనే అడిగి దారి చూపించాడు.

ఎర్రటి గోడ, దాని మీద చెక్కిన అక్షరాలు: 'యూదు పేదల సూపు వంటశాల'. కట్టిన సంవత్సరం రెండు లెక్కల్లో రాశారు, 1902 అనీ, హీబ్రూ పంచాంగం ప్రకారం 5662 అనీ. గుమ్మం మీద మూతతో సహా సూపు గిన్నె బొమ్మ. ఈ సంస్థ 1854లో పుట్టి 1992 దాకా నడిచింది. ఇప్పుడు ఆ భవనంలో ఫ్లాట్లున్నాయి. రెండు గుమ్మాల మీద 'లోపలికి', 'బయటికి' అని ఇంగ్లీషులో చెక్కిన మాటలు మాత్రం అలాగే ఉన్నాయి. నేను 'లోపలికి' దగ్గరే ఆగిపోయాను. ఆకలి కన్నా గడప దాటడమే కష్టమని తాతయ్య చెప్పేవాడు. పదమూడేళ్ళ పిల్లవాడికి వీధంతా చూస్తుండగా ఈ మాట కింద నుంచి నడవడం ఎలా ఉండేదో!

మీరు వెళ్తే అక్కడి నుంచి బ్రిక్ లేన్ దాకా నడవండి. అక్కడి బైగల్ కొట్టు పగలూ రాత్రీ తెరిచే ఉంటుంది. బైగల్ చూపుకు చిల్లు గారెలా ఉంటుంది. పిండిని ముందు నీళ్ళలో ఉడికించి తర్వాత కాలుస్తారు కాబట్టి కొరికితే సాగుతుంది. రెండు తిన్నాను. పక్కనే హాన్‌బరీ స్ట్రీట్. 1896లో మొదలైన బ్రేడీ క్లబ్బు వాళ్ళ 1935 నాటి భవనం అందులో ఉంది. బడి మానేసి కుట్టుపనికి వెళ్ళే పిల్లలకు సాయంత్రాలు ఆట, పుస్తకం, స్నేహితులు దొరికేది ఇలాంటి క్లబ్బుల్లోనే. 1895లో పుట్టిన యూదు పిల్లల దళం, జేఎల్‌జీబీ, ఇప్పటికీ నడుస్తోంది.

మర్నాడు గురువారం. మేనల్లుడి ఆఫీసు స్నేహితుడి తల్లి గోల్డర్స్ గ్రీన్‌కు రమ్మంది. నార్తర్న్ లైన్‌లో వెళ్ళాలి. శనివారం మాత్రం వెళ్ళకండి. శుక్రవారం సాయంత్రం ఇళ్ళలో దీపాలు వెలిగించి సబ్బాతు అనే విశ్రాంతి దినం మొదలుపెడతారు కాబట్టి, సూర్యాస్తమయం నుంచి అక్కడ యూదుల కొట్లన్నీ మూసేస్తారు. గురువారం అయితే రొట్టెల దుకాణాల ముందు మన సంక్రాంతి ముందురోజు సందడే. జడలా అల్లిన హల్లా రొట్టె వాసన వీధి పొడుగునా వస్తుంది.

ఆవిడ నన్నొక హాలుకు తీసుకెళ్ళింది. యాభైమంది పిల్లలు, అందరూ పదమూడు నుంచి పదిహేడేళ్ళ లోపువాళ్ళే, ఇబ్బందుల్లో ఉన్న ఇళ్ళ కోసం సంచుల్లో సరుకులు సర్దుతున్నారు. సంచుల మీద పేర్లు లేవు, అంకెలే. ఎందుకని అడిగాను. "ఈ పిల్లల్లోనే ఎవరింటికో ఒక సంచి వెళ్తుండవచ్చు. పక్కవాడికి తెలియకూడదు కదా" అంది. నాకు గొంతులో ఏదో అడ్డుపడింది.

వాళ్ళు దీన్ని దానం అనరు, 'త్సెదాకా' అంటారు. ఆ మాటకు మూలం న్యాయం. పన్నెండో శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ ఇవ్వడానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకరికొకరు తెలియకపోవడం పైనుంచి రెండోది. అప్పో పనో ఇచ్చి మనిషి తన కాళ్ళ మీద నిలబడేలా చేయడం అన్నిటికన్నా పైది. 1859లో లండన్ యూదులు పెట్టుకున్న సంస్థ కుర్రాళ్ళను పని నేర్చుకోవడానికి కుదిర్చిందీ, చిన్న వ్యాపారులకు అప్పులిచ్చిందీ ఈ ఆలోచనతోనే. ఇప్పటికీ ఇళ్ళలో 'గెమాఖ్'లు నడుస్తాయి. పెళ్ళి బట్టలు, ఉయ్యాల, మడత కుర్చీలు ఎవరైనా ఊరికే తీసుకెళ్ళి వాడుకుని తిరిగిచ్చేయవచ్చు. మన ఊళ్ళలో పెళ్ళికి గుడి గుండిగలు తెచ్చుకున్నట్టే.

నన్ను బాగా కదిలించిన సంగతి ఇంకొకటి ఉంది. పిల్లవాడికి కష్టమొస్తే వీళ్ళు ఇల్లంతా చూస్తారు. 1795లో మొదలైన నార్‌వుడ్ సంస్థ ఇవాళ ఎదుగుదలలో ఇబ్బందులున్న పిల్లలతో పాటు వాళ్ళ తల్లిదండ్రులకూ తోడుంటుంది. క్యాంప్ సింఖా పెద్ద జబ్బు చేసిన పిల్లలకు అండ. 'సింఖా' అంటే ఆనందం. జబ్బు పడ్డవాళ్ళకే కాదు, ఆ ఇంటి అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ ఒక 'పెద్దన్న'నో 'పెద్దక్క'నో కుదురుస్తారు. ఇంట్లో తమ్ముడికి జబ్బయితే పదిహేనేళ్ళ అక్కను ఎవరు పట్టించుకుంటారు? మన ఇళ్ళలో ఆ పిల్ల వంటింట్లోకి వెళ్తుంది, అంతే. ఇక్కడ క్రమం తప్పకుండా ఒకరు ఆ పిల్ల కోసమే వస్తారు.

మీ ఊరేదని ఆవిడ అడిగింది. తెనాలి అన్నాను. మాకు దగ్గర్లోనే చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో, తమను బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే తెలుగు కుటుంబాలు యూదు ఆచారాలు పాటిస్తాయని చెప్పాను. ఆవిడ చేతిలో డబ్బా కింద పెట్టి, "తెలుగులో శుక్రవారం దీపాలా!" అంటూ చుట్టూ ఉన్న పిల్లల్ని పిలిచింది. వాళ్ళకు తాతయ్య వారాల కథ కూడా చెప్పాను. ఒక ముసలాయన అటువైపు నుంచి, "మా నాన్నదీ అదే కథ. ఆయన మంగళవారం ఇంట్లో ఎప్పుడూ ఉల్లిపాయలేనట" అన్నాడు. మా తాతయ్యకు గురువారాలన్నీ గోంగూరే.

చీకటిపడ్డాక ఒక పదహారేళ్ళ కుర్రాడు, వాళ్ళ నాన్న సంచులు పంచడానికి బయల్దేరుతూ నన్నూ కార్లో ఎక్కించుకున్నారు. మూడో ఇంటి దగ్గర కుర్రాడు దిగి, సంచి గడప మీద పెట్టి, బెల్లు కొట్టి, పరుగున వచ్చి కూర్చున్నాడు. నేను తలుపు వైపు తిరగబోతే, "చూడకండి" అన్నాడు మెల్లగా. ముందుకే చూస్తూ కూర్చున్నాను. వెనక తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది. కుర్రాడు చీటీ చూసి తర్వాతి వీధి పేరు చదివాడు.