అమ్మ ఎక్కని కాన్వాయ్

పోస్టు కొంచెం పెద్దది, తీరిక దొరికినప్పుడు చదవండి.

మొన్నటి సెలవుల్లో మేము అండమాన్ వెళ్ళొచ్చాం. మేము అంటే అమ్మా, డిగ్రీ చదువుతున్న తన బిడ్డా, ఇద్దరమే. మామ (అమ్మ తమ్ముడు) నాలుగేళ్ళుగా పోర్ట్ బ్లెయిర్‌లో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. "ఒక్కసారి వచ్చి సూడప్పా" అని ఏడాదిగా పోరుపెట్టి, చివరికి వైజాగ్ నుంచి ఓడలో బంక్ క్లాసు టికెట్లు తీసి పంపాడు. రెండున్నర రోజులు నీళ్ళ మీదే. మొదటి రోజు వాంతులు, రెండో రోజు నిద్ర, మూడో రోజు పొద్దున ఒడ్డు. ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని మార్చారు గానీ ఓడలో, బజార్లో ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నారు. భాషకి ఇబ్బంది పడలేదు. శ్రీకాకుళం, విశాఖ తీరం నుంచి వెళ్ళి స్థిరపడిన వాళ్ళు అక్కడ చాలామంది. చేపల బజార్లో అమ్మ మొదటి రోజే తెలుగులో బేరం ఆడింది.

మామకి సెలవు దొరికింది ఒక్క రోజు. ఆ ఒక్క రోజు ఏం చూడాలన్న దగ్గరే ఈ పోస్టంతా ఉంది.

మామ ముందే ప్లాన్ వేసి పెట్టాడు. బారాటాంగ్ అనే దీవి. సున్నపురాయి గుహలు, బురద ఉబికే గుంటలు, మడ అడవుల్లో బోటు. తెల్లారి మూడింటికి బయల్దేరి జిర్కటాంగ్ చెక్‌పోస్టు దగ్గర లైన్లో నిలబడాలి. అక్కణ్ణుంచి బళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి పోలీసు కాపలాతో అడవిలోంచి వెళ్తాయి. దాన్నే కాన్వాయ్ అంటారు. ముందు రోజు సాయంత్రం టికెట్ల కౌంటర్లో ఉన్నతను గుహల గురించి రెండు ముక్కలు చెప్పి, గొంతు తగ్గించి "దార్లో జరావాలు కనబడితే మీ అదృష్టం" అన్నాడు.

అమ్మ మామని అడిగింది: "జరావాలంటే ఎవుళ్ళు?"

"అడివోళ్ళప్పా. మనలాంటోళ్ళే."

"మనలాంటోళ్ళయితే మరి సూడ్డానికేటుంది?"

మామ నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

ఆ రాత్రి ఫోన్లో వెతికి మేము చదువుకున్నవి, ఆంత్రోపాలజీ క్లాసులో విన్నవి కలిపి అమ్మకి చెప్పాం. జరావాలు వేటాడి, తేనె తీసి, చేపలు పట్టి బతికే జనం. 2011 లెక్కల్లో 380 మంది. వాళ్ళ అడవిని 1957లోనే రిజర్వుగా ప్రకటించారు. అంతకు ముందు ఏడాది ఆదిమ జాతుల రక్షణకి అండమాన్ రెగ్యులేషన్ వచ్చింది. అయినా ఆ అడవి మధ్యలోంచే అండమాన్ ట్రంక్ రోడ్డు వేశారు. రోడ్డు వేసేటప్పుడు వాళ్ళు బాణాలతో అడ్డుపడ్డారు. 1997, 98 దాకా బయటివాళ్ళకి చాలావరకు దూరంగానే ఉన్నారు. 2002లో సుప్రీంకోర్టు రిజర్వులో ఉన్న రోడ్డు భాగం మూసేయమంది. బళ్ళు మాత్రం ఆగలేదు. 2012 జనవరిలో ఒక వీడియో బయటికొచ్చింది. తినడానికి ఇస్తామని ఆశపెట్టి జరావా ఆడపిల్లల్ని డాన్స్ చేయమంటున్నారు. అది ప్రపంచమంతా చూసింది. ఇప్పుడు దార్లో బండి ఆపకూడదు, ఫోటో తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు. తీస్తే కేసు. కానీ అద్దంలోంచి చూసే కళ్ళకి కేసు లేదు.

డాన్స్ అన్న మాట దగ్గర అమ్మ ఆగింది.

అమ్మ థింసా గుంపులో ఆడుతుందని మా ఊరివాళ్ళకి తెలుసు. సీజన్లో అరకు వైపు రిసార్టుల నుంచి కబురొస్తే పదిహేను, ఇరవై మంది ఆడోళ్ళు జీపెక్కి వెళ్తారు. మంట చుట్టూ చేతులు వెనక పట్టుకుని ఆడతారు. టూరిస్టులు మధ్యలో దూరతారు, ఫోటోలు దిగుతారు. కొందరు మన చీర కట్టు అద్దెకి కట్టుకుని "ట్రైబల్ లుక్" అని పెట్టుకుంటారు. ఇవన్నీ మనకి కొత్త కాదు. మన గ్రూపులోనే ఎన్నిసార్లు గొడవపడ్డాం, ఆడటం తప్పా ఒప్పా అని. అమ్మ ఆ చర్చ ఎప్పుడూ చదవలేదు. కానీ ఆ రాత్రి తన లెక్క తను చెప్పింది:

"మాం ఆడితే డబ్బులు మాట్లాడుకుని ఆడతాం. కాళ్ళు నొప్పెడితే ఆపేస్తాం. తాగినోడు సెయ్యేస్తే మా గుంపు పెద్దమ్మ కర్రట్టుకుంటాది. ఆట అయిపోయాక ఇంటికొచ్చి తలుపేసుకుంటాం. ఆ రోడ్డు పక్కోళ్ళకి తలుపేదిరా? ఆళ్ళ ఇల్లే రోడ్డు. నాను ఎల్లను."

మామకి కోపం వచ్చింది, అది న్యాయమే. వచ్చేటప్పటికే డబ్బు కట్టేశాడు. ఇంకో మాట కూడా అన్నాడు, అది మాకిప్పటికీ తేలలేదు. "రోడ్డు తప్పంటే ఎలా అప్పా? అవతల రంగత్, మాయాబందర్, దిగ్లీపూర్ జనం ఆసుపత్రికి ఆ రోడ్డునే వస్తారు. మా మేస్త్రీ పెళ్ళానికి నొప్పులొస్తే ఆ దార్లోనే తెచ్చాం. మన ఊరికి రోడ్డు లేకే కదా అత్తని డోలీలో మోసింది?"

ఇది నిజం. మనలో చాలామంది ఇళ్ళల్లో డోలీ కథ ఒకటుంది. రోడ్డు కోసం కలెక్టరాఫీసు ముందు కూచున్నవాళ్ళం మనం. రోడ్డంటే మనకి పురుడు, రేషను, అంబులెన్సు, కాలేజీ. మరి ఇంకో ఆదివాసీ అడవిలో రోడ్డుని వద్దనే హక్కు మనకెక్కడిది?

చాలాసేపు మాట్లాడుకున్నాక మాకు తోచింది ఇంతే. రోడ్డు మనం అడిగాం, వాళ్ళు అడగలేదు. మనకి గ్రామసభ ఉంది, పీసా చట్టం ఉంది, 1/70 ఉంది. అవి ఎంత బాగా నడుస్తున్నాయో అందరికీ తెలుసు గానీ, కనీసం "మమ్మల్ని అడిగారా?" అని నిలదీయడానికి ఒక కాగితం ఉంది. వాళ్ళని అడిగినవాడు లేడు. రోగిని తెచ్చే బండి వేరు, చూపు కోసం వెళ్ళే బండి వేరు. మొదటిదాని మీద మేము తీర్పు చెప్పలేం. రెండోదాంట్లో ఎక్కాలా వద్దా అన్నది మాత్రం మా చేతిలో పని. ఎక్కలేదు. డబ్బు సగమే వెనక్కొచ్చింది.

ఇక ఆ రోజు చూసినవి చెప్తాం. పట్నం దాటకుండానే చూశాం.

పొద్దున సెల్యులర్ జైలు. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు. మధ్యలో గోపురం, దాని చుట్టూ చక్రం ఆకుల్లా ఏడు రెక్కలు. ఇప్పుడు మూడే మిగిలాయి. దాదాపు 700 గదులుండేవట, ఒక్కో గదిలో ఒక్కడే. ఒక రెక్కలోని ఖైదీకి ఎదుటి రెక్క వీపే కనబడుతుంది, మనిషి ముఖం కనబడదు. గానుగకి ఎద్దు బదులు మనిషిని కట్టిన చోటు చూపించారు. అమ్మ గదిలోకెళ్ళి నిలబడి, పైన ఉన్న చిన్న కిటికీకి చెయ్యి అందుతుందేమో చూసింది. అందలేదు.

గైడు చాలా పేర్లు చెప్పాడు. మన్యం పేరు రాలేదు. 1922-24 రంప పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం సోదరుల్ని మనం మర్చిపోకూడదు. గంటందొర ఆ పోరాటంలోనే ప్రాణం విడిచాడు. మల్లుదొరని పట్టుకుని శిక్ష వేసి అండమాన్ పంపారు. ఆయన బతికి బయటికొచ్చి, 1952లో తొలి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎంపీగా గెలిచాడు. గోపురంలో రాళ్ళ మీద పేర్లు చెక్కారు గానీ వెనక గుంపు తోస్తుంటే నిలబడి వెతకడం కుదరలేదు. మెట్లు దిగుతూ ఈ కథ అమ్మకి చెప్పాం. "ఎంపీ అయ్యాడా!" అని మూడుసార్లు అడిగింది.

అక్కణ్ణుంచి కిందకి నడిస్తే బోట్లెక్కే చోటు, వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్. అక్కడొక స్మారకం ఉంది. టికెట్ల లైన్లో ఉన్నవాళ్ళెవరూ దానివైపు చూడలేదు. 1858లో బ్రిటిష్‌వాళ్ళు ఇక్కడ ఖైదీల స్థావరం పెట్టి అడవి నరకడం మొదలెట్టారు. 1859 మే నెలలో గ్రేట్ అండమానీలు విల్లంబులతో వాళ్ళ మీదికొచ్చారు. దాన్ని అబర్డీన్ యుద్ధం అంటారు. అప్పటికి ఏడాదిగా వాళ్ళ మధ్యే బతికిన దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ, పారిపోయి వాళ్ళ దగ్గర తలదాచుకున్నవాడే, ముందుగా వెళ్ళి దొరలకి కబురు చెప్పేశాడు. తుపాకులు సిద్ధంగా ఉన్నాయి. అతనికి క్షమాభిక్ష దొరికింది. ఆ జనానికి దొరికింది ఇది: 1901 లెక్కల్లో గ్రేట్ అండమానీలు 625 మంది, 1961కి 19 మంది, 2011లో 44 మంది. వాళ్ళ భాషల్లో ఒకటైన 'బో' మాట్లాడే చివరి మనిషి, బోవా సీనియర్ అనే అవ్వ, 2010 జనవరిలో ఇదే ఊళ్ళో చనిపోయింది. చివరి ఏళ్ళలో ఆమెతో ఆ భాషలో మాట్లాడే మనిషి ఇంకొకరు లేరు. మన ఇళ్ళల్లో అవ్వలు మాట్లాడే భాష మనలో ఎంతమందికి పూర్తిగా వస్తుందో ఒక్కసారి లెక్కేసుకోండి.

తర్వాత బోటులో పది నిమిషాల్లో రాస్ దీవి. ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవి అంటున్నారు. బ్రిటిష్‌వాళ్ళ రాజధాని ఉండేది. కూలిన చర్చిని, బంగళాలని మర్రి జాతి వేళ్ళు గుప్పిట పట్టినట్టు పట్టేశాయి. జింకలు మనుషుల చేతుల్లోంచి తింటున్నాయి. అందరూ సెల్ఫీలు దిగుతున్నారు. మేమూ దిగాం, అమ్మ జింకతో దిగిన ఫోటోయే ఇప్పుడు తన డీపీ.

ఈ దీవి మీదే 1863లో 'అండమాన్ హోమ్' అని ఒకటి పెట్టారు. పట్టుకొచ్చిన అండమానీలని అందులో ఉంచి బట్టలు కట్టించి, ఇంగ్లీషు నేర్పి, పని చేయించి 'నాగరికులు' చేయాలని. ఆ కలయికతో వచ్చిన రోగాలు అడవి దాకా పాకాయి. 1877లో తట్టు ఊళ్ళకి ఊళ్ళని తినేసింది. హాస్టళ్ళలో పెరిగినవాళ్ళం కాబట్టి ఆ 'హోమ్' అన్న మాట మాకు ముల్లులా గుచ్చుకుంది. రెండూ ఒకటని అనడం లేదు. హాస్టల్ లేకపోతే మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మనిషే ఉండేవాడు కాదు, ఆ మాట తల్లి మీద ఒట్టేసి చెప్తాం. కానీ చిన్న తరగతిలో ఇంటి భాష మాట్లాడితే నవ్వేవాళ్ళు కదా, ఆ నవ్వుకి మూలం ఎంత పాతదో అక్కడ నిలబడితే తెలిసింది.

మధ్యాహ్నం ఆంత్రోపాలజీ మ్యూజియం. జరావాల విల్లంబులు, చెట్టు బెరడుతో చేసిన ఛాతీ కవచం, నికోబారీల ఇంటి నమూనా, తేనె పట్టే చెక్క పాత్ర. అన్నీ అద్దాల వెనక. మేం బోర్డులు చదువుతుంటే అమ్మ చదవకుండానే చెప్పేస్తోంది: "ఇది సేపల బుట్ట. ఇది బరువు నెత్తిమీద కాదు, నుదిటికి తగిలించుకునేది. ఇది తేనెకి." తేనె తీసేటప్పుడు ఓంగేలు ఒక ఆకు నమిలి ఆ రసం ఈగల మీద ఊస్తారని, అవి కుట్టకుండా పక్కకి పోతాయని చెప్పాం. "మనం పొగెడతాం. ఆళ్ళదే మంచి పద్ధతి, ఈగ సావదు" అంది. రోజు మొత్తంలో అమ్మ ముఖం అంత వెలిగింది అక్కడే. అక్కడున్నది వింత అని తనకి అనిపించలేదు, తెలిసిన పని అనిపించింది.

తిరుగు ఆటో నడిపినతను రాంచీవాలా. 1918 నుంచి అడవి పనికి ఛోటానాగ్‌పూర్ నుంచి తెచ్చిన ఉరావ్, ముండా, ఖడియా కూలీల వారసుల్ని అక్కడ అలా పిలుస్తారు. ఇతను ఉరావ్. ఝార్ఖండ్‌లో ఉన్న తన బంధువులు ఎస్టీ, ఇక్కడ పుట్టిన తను కాదు. వాళ్ళ అవ్వ మాట్లాడే కుఁడుఖ్‌లో కన్నుని 'ఖన్' అంటారట, నువ్వుని 'నీన్' అంటారట. అమ్మ ఆటోలోంచి ముందుకి వంగి "నీన్, నీన్" అని రెండుసార్లు అని చూసింది. దిగేటప్పుడు అతను ఛార్జీలో ఇరవై తగ్గించుకున్నాడు.

గుహలు మేం చూడలేదు. బాగుంటాయనే అందరూ చెప్పారు. ఈ మధ్య బారాటాంగ్‌కి సముద్రం మీదుగా కూడా దారి ఉందని తెలిసింది. వెళ్ళే వాళ్ళెవరైనా ఉంటే ఆ దారి గురించి అడిగి చూడండి.

ఊరికొచ్చిన వారానికి థింసా గుంపు కూచున్నప్పుడు అమ్మ రెండు మాటలు పెట్టింది. ఆట మొదలయ్యే ముందు మన ఊరి పేరు, ఆట పేరు మనమే చెప్పాలి. ఆట అయ్యాక మన పిల్లల్ని, ఇళ్ళని అడక్కుండా ఫోటో తీస్తే ఆ రిసార్టుకి మళ్ళీ వెళ్ళకూడదు. మొదటిదానికి అందరూ సరే అన్నారు. రెండోదాని మీద ఇంకా గొడవ నడుస్తోంది. వెళ్ళకపోతే కూలి పోతుంది, సీజన్ మూడు నెలలే.

మీ ఊళ్ళకి కూడా టూరిస్టులు వస్తున్నారు కదా. మీ దగ్గర గుంపులు ఏం మాట్లాడుకుంటున్నాయో రాయండి. అమ్మకి చదివి వినిపిస్తాం.

జోహార్.