ఫ్రిజ్ తలుపు మీద పసుపు కాగితాలు

కరోనా ఏడాది మావారి ఆఫీసు మా పడకగదిలోకి వచ్చింది. సగం మళ్లీ వెళ్లినా, సగం ఇక్కడే ఉండిపోయింది. దాని పుణ్యమా అని నాకూ కొన్ని మాటలు వంటబట్టాయి. స్ప్రింట్ అంటే పరుగుపందెం కాదు, రెండు మూడు వారాల్లో పూర్తి చేస్తామని ఎత్తుకున్న పనుల మూట. స్టాండప్ అంటే రోజూ పదిహేను నిమిషాల్లో ముగించాల్సిన మీటింగు. పేరుకే నిలబడటం, ఈయన మంచం మీద బాసింపట్టు వేసుకునే మాట్లాడతారు.

మొన్న దసరా సెలవుల్లో వాళ్ల బోర్డు కూడా వంటింట్లోకి వచ్చింది. ఫ్రిజ్ తలుపు మీద మూడు గడులు: చేయాలి, చేస్తున్నాం, అయిపోయింది. పనులు పసుపు కాగితాల మీద రాసి ఒక గడిలోంచి ఇంకో గడిలోకి జరపడమే. కాన్‌బాన్ అంటారట. జపాన్‌లో టొయోటా కార్ల ఫ్యాక్టరీల్లో కార్డులతో మొదలైన పద్ధతి. నడిమి గడిలో మూడుకు మించి కాగితాలు ఉండకూడదని ఈయన రూలు పెట్టారు. నాకు నవ్వొచ్చింది. ఒక పొయ్యి మీద పప్పు, ఇంకో పొయ్యి మీద పాలు, మెషిన్లో బట్టలు, గేటు దగ్గర కూరగాయల బండి. అప్పుడే నాలుగు!

మొదటి గొడవ బట్టల దగ్గరే. మెషిన్ కుయ్యిమనగానే కాగితాన్ని "అయిపోయింది"లోకి జరిపేశారు. "ఆరేసేదెవరు, మడతపెట్టేదెవరు, అలమరలో సర్దేదెవరండీ?" అన్నాను. ఏ పనికైనా "అయింది" అంటే ఏమిటో ముందే రాసుకోవాలని వాళ్ల ఆఫీసులోనూ ఉందట. ఇంట్లో గుర్తురాలేదు మరి.

తర్వాత అమ్మాయి అట్టముక్కల మీద 1, 2, 3, 5, 8, 13 అని రాసింది. ఏ పనికి ఎంత శ్రమో అందరూ ఒక్కసారే అంకె చూపించాలి. తేడా వస్తే ఎక్కువ వేసినవాళ్లూ, తక్కువ వేసినవాళ్లూ ఎందుకో చెప్పాలి.

"అత్తయ్య షుగర్ చెకప్." ఆయన 2. నేను 13.

చెప్పాను. పరగడుపున ఒకసారి రక్తం ఇవ్వాలి, తిన్న రెండు గంటలకు మళ్లీ ఇవ్వాలి. మధ్యలో తినడానికి ఇడ్లీ డబ్బా. ఆటో సందులోకి రానంటే చెయ్యి పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడిపించాలి. టోకెను, మందుల షాపు, సాయంత్రం మళ్లీ రిపోర్టులు. చెబుతుంటే ఎన్నేళ్ల బరువో దిగుతున్నట్టనిపించింది. గొంతూ పెరిగిందేమో. ఆయన మాట్లాడలేదు.

హాల్లో టీవీ ఆగిపోయిందని నేను గమనించలేదు.

మర్నాడు అత్తయ్య కాఫీ గ్లాసు అందుకుంటూ, "ఈసారి నేనొక్కదాన్నే వెళ్లొస్తాలేమ్మా" అన్నారు.

ఆ అంకె మీకు కాదత్తయ్యా, ఆస్పత్రికి అని ఎన్ని రకాలుగా చెప్పినా అతకలేదు. నేనన్నది అబద్ధం కాదు. ఆవిడ వినాల్సిన మాటా కాదు.

ఆ కాగితం తీసేద్దామనుకుంటే ఆయనే వద్దన్నారు. అది చించి, కొత్తదాని మీద "మంగళవారం" అని మాత్రం రాసి, కింద తన పేరు పెట్టుకున్నారు. సెలవు పెట్టి ఏడింటికి తీసుకెళ్లారు. తల్లీకొడుకులు తిరిగొచ్చేసరికి పన్నెండున్నర. "చెరకురసం అడిగితే, షుగర్ పరీక్షకొచ్చి ఇదేం కోరికమ్మా అన్నాడే వీడు!" అని అత్తయ్య నవ్వుతూ చెప్పారు. వారం తర్వాత ఆ నవ్వు.

ఆయన చెప్పులు విడిచి నేరుగా ఫ్రిజ్ దగ్గరకెళ్లి "మంగళవారం"ని మూడో గడిలో అంటించారు. అన్నం వడ్డించే ముందు నేను దాన్ని మళ్లీ నడిమి గడిలోకి జరిపాను. రిపోర్టులిచ్చేది సాయంత్రం ఐదింటికి.