గోడ పక్క ఇంటికి మొదటి మాట

ఆదోని పాత ఊరిలో మేముండే సందులో ఒకప్పుడు పద్నాలుగు ఇళ్లుండేవి. నేడు కాపురాలున్నవి నాలుగే. మిగిలినవాటిలో కొన్ని బట్టల గోదాములయ్యాయి, కొన్ని సెల్‌ఫోన్ దుకాణాలయ్యాయి. రెండింటిని కూల్చి మూడంతస్తుల కాంప్లెక్సు కట్టారు. ఎవరూ ఎవరినీ వెళ్లగొట్టలేదు. ఒక ఇంట పెళ్లి ఖర్చు, మరొక ఇంట ఆసుపత్రి అప్పు, ఎక్కువ ఇళ్లలో వారసుల పంపకం.

మాది మొదటినుంచీ వ్యాపారపు ఊరే. పల్లెలవారు మార్కెట్ యార్డులో పత్తి అమ్ముకొని, ఆ డబ్బుతోనే షరాఫ్ బజారులో నగలు, బట్టలు కొనుక్కొని బస్సెక్కుతారు. ‘రెండో బొంబాయి’ అన్న పేరు విని చిన్నతనంలో మేమూ మురిసిపోయినవాళ్లమే. దుకాణాన్ని నిందించటం మా ఉద్దేశం కాదు. దైవప్రవక్త (స) స్వయంగా వ్యాపారం చేసినవారు. ఇల్లూ పనీ ఒకే కప్పు కింద ఉండటం కూడా మాకు కొత్త కాదు. సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఎమ్మిగనూరులో మా మేనత్తగారి వీధి నిండా మగ్గాల ఇళ్లుండేవి. మాచాని సోమప్పగారి చొరవతో 1938లో ఏర్పడిన చేనేత సహకార సంఘం పేరు మీద ఆ ఊరు బతికింది. మగ్గం గుంట పడసాలలోనే ఉండేది. పగలంతా అక్కడ మగ్గం చప్పుడు, రాత్రి దాని పక్కనే పిల్లల పడకలు. పని ఆగినా ఇంట్లో దీపం ఆరేది కాదు. షట్టరు దిగిన దుకాణంలో రాత్రి ఎవరుంటారు?

ఈ తేడా మా సందు మసీదులో తెలుస్తుంది. జుహర్, అస్ర్ నమాజులకు వరుసలు నిండుతాయి. ఫజ్ర్‌కు ఒక్క వరుస నిండటం గగనమవుతోంది. ఆడవారికి జరిగిన నష్టం ఇంకా పెద్దది, దాన్ని లెక్కలోకి తీసుకున్నవారు తక్కువ. పూర్వం దొడ్డి తలుపుల గుండా ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి వీధి ముఖం చూడకుండా వెళ్లివచ్చేవారు. ఇప్పుడా దొడ్లన్నీ గోదాముల వెనుక గోడలు.

పోయిన ఏడాది మా సందులో ఒక పెద్దాయన మరణించారు. జనాజా వెళ్లటానికి అడ్డంగా ఉన్న బండ్లను దుకాణదారులే పరుగున వచ్చి తీశారు, షట్టర్లు సగానికి దించి నిలబడ్డారు. వారి మర్యాదలో లోపమేమీ లేదు. కానీ మరణించినవారి ఇంటికి పొరుగువారు అన్నం పంపటం మన ఆచారం కదా! మునుపు వంతులు వేసుకున్నా ఇంకా అడిగేవారు మిగిలేవారు. ఈసారి మూడు రోజులూ మూడిళ్లే వండాయి.

మన ధర్మశాస్త్రంలో ‘షుఫా’ అనే హక్కు ఉంది. స్థిరాస్తి అమ్మకమైనప్పుడు అదే ధర చెల్లించి దాన్ని తీసుకునే మొదటి హక్కు అది. హనఫీ ఫిఖహ్ ప్రకారం ముందు ఉమ్మడి వాటాదారు, ఆపై దారి, నీరు వంటివాటిలో భాగస్వామి, ఆ తరువాత గోడ పక్క పొరుగువాడు. అమ్మకం సంగతి తెలిసిన వెంటనే అడగాలి, ఆలస్యం చేస్తే హక్కు పోతుంది. అయితే దీన్ని చట్టంగా అమలు చేయటానికి మద్రాసు హైకోర్టు 1870లోనే నిరాకరించింది. బళ్లారి జిల్లాలో భాగమైన ఆదోని అప్పుడు మద్రాసు రాజధానిలోనే ఉండేది. కేవలం పొరుగు అన్న ఆధారంతో కోరే హక్కు రాజ్యాంగానికి విరుద్ధమని 1962లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎవరి ఆస్తిని వారు ఇష్టమైనవారికి అమ్ముకొనే స్వేచ్ఛ కూడా చిన్నదేమీ కాదు. కోర్టులో అడగలేని మాటను పక్కింటివారు మనసులో పెట్టుకొని చెప్పటాన్ని ఏ చట్టమూ ఆపదు. మా సందులో అమ్ముడుపోయిన పది ఇళ్లలో ఎన్నింటి సంగతి పొరుగువారికి ముందుగా తెలిసింది? రెండింటిది. మిగిలినవి కొలతల టేపు పట్టుకొని మనుషులు వచ్చాకనే తెలిశాయి.

ఇప్పుడు మా ఇంటి వంతు వచ్చింది. అమ్మ ముందే పోయారు, నాన్నగారు పోయి రెండేళ్లయింది. మేము ముగ్గురు అన్నదమ్ములం, ఇద్దరు అక్కచెల్లెళ్లు. షరీఅత్ ప్రకారం ఎనిమిది వాటాలు: సోదరులకు రెండేసి, సోదరీమణులకు ఒక్కొక్కటి. ఇల్లు ఇల్లుగా ఉన్న కాలంలో సోదరీమణుల వాటా విలువ కట్టి ఇవ్వటం మధ్యతరగతివారికి సాధ్యమయ్యేది. దుకాణం ధర వచ్చాక ఆ రెండు వాటాలే మా ముగ్గురి శక్తికి మించాయి. “ఆడపిల్లలు మాఫ్ చేస్తే ఇల్లు నిలుస్తుంది” అని ఒకరిద్దరు బంధువులు సలహా ఇచ్చారు. పుట్టింటి మొహమాటంతో నలుగురి ముందు చెప్పించిన మాఫీని మేము మాఫీగా ఎంచము. అక్క కూతురి చదువు ఆ వాటా మీదే ఆధారపడి ఉంది. నాన్నగారి కప్పును ఆమె సొమ్ముతో నిలబెట్టుకోవటం మాకు సమ్మతం కాదు.

ముందు గదులు రెండూ దుకాణాలకు అద్దెకిచ్చి, ఆ అద్దెతో వారి వాటాలు విడతలుగా తీర్చి, వెనుక భాగంలో కాపురముండవచ్చునని చిన్న తమ్ముడి ఆలోచన. విడతలు తీరటానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్క వేస్తున్నాము. అది కుదరకపోతే అమ్మటమే. ఒక్క విషయంలో మాత్రం ఐదుగురమూ ఏకమయ్యాము. పోయిన శుక్రవారం జుమా తరువాత తూర్పు గోడ పక్క ఇంటికి వెళ్లాము. అక్కడ ఉండేది ఒక వృద్ధురాలు, ఆమె కొడుకు కుటుంబం. ఆ ధర వారు పెట్టలేరని మాకు తెలుసు. అయినా సంగతి చెప్పి, అమ్మవలసివస్తే మొదటి మాట మీదే అన్నాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “రంజాన్ వెళ్లేదాకా ఆగండి బాబూ, కొడుకుతో మాట్లాడుతాను” అన్నారు. ఆగుతున్నాము.