తడ నుంచి మైపాడు: ఎత్తుపల్లాల లెక్క

తమిళనాడు సరిహద్దు దాటి తడలో అడుగుపెట్టిన జాతీయ రహదారి, నెల్లూరు దాకా దాదాపు 110 కిలోమీటర్లు కొండ ఊసే లేకుండా సాగుతుంది. పాతవాళ్లకు ఇది ఇంకా ఎన్‌హెచ్ 5. 2010లో నంబర్లు మార్చాక 16 అయింది. ఎడమవైపు చెరువులు, వరి మళ్లు. కుడివైపు పులికాట్ సరస్సు, దాని వెనక సముద్రం. ఇంత చదునైన దారిలో చెన్నై నుంచి వచ్చే రేంజ్ రోవర్లు, డిఫెండర్లు దూసుకుపోతుంటాయి. రాళ్లెక్కడానికీ వాగులు దాటడానికీ పుట్టిన బండ్లవి. చాలావాటికి ఇనుప స్ప్రింగుల బదులు చక్రం చక్రం దగ్గరా గాలి నిండిన రబ్బరు తిత్తి ఉంటుంది. బటన్ నొక్కితే బండి లేస్తుంది, ఇంకోసారి నొక్కితే దిగుతుంది. చూసేవాళ్లకు అది లేవడమే వింత. తోలేవాళ్లకు మాత్రం అది ఎప్పుడు దిగాలన్నదే అసలు విషయం.

తడకు పడమటి పక్కన శ్రీసిటీ. అక్కడి ఇసుజు కర్మాగారం 2016లో మొదలైంది. అందులో తయారయ్యే వి-క్రాస్ పికప్ ముందు కాయిల్ స్ప్రింగుల మీద, వెనక కమాను పట్టీల మీద నిలబడుతుంది. దాని ఎత్తు కంపెనీ పెట్టినంతే. వెనక బరువు వేస్తే తోక కుంగుతుంది, మూతి లేస్తుంది. మూతి లేచిన బండికి ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలో పడతాయి. గాలి తిత్తులు మొదట తీర్చింది ఈ చిక్కునే. బరువు పెరిగితే ఎత్తు కనిపెట్టే సెన్సార్ కంప్రెసర్‌కు కబురు పెడుతుంది, గాలి ఎక్కుతుంది, బండి మళ్లీ సమంగా నిలుస్తుంది. హైదరాబాదు–చెన్నై గరుడ బస్సులో నిద్రపోయిన ప్రతివాళ్లూ ఈ సుఖాన్ని చవిచూసినవాళ్లే. ఆ వోల్వో బస్సుల కిందా ఉన్నది ఇలాంటి తిత్తులే. కార్లలో కాడిలాక్ 1957లోనే దీన్ని ప్రయత్నించింది. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో రేంజ్ రోవర్‌కు ఇది 1992లో వచ్చింది. దాన్ని తయారుచేసే ల్యాండ్ రోవర్ కంపెనీని 2008లో టాటాలు కొన్నారు. 2024 నుంచి రేంజ్ రోవర్‌ను పుణెలోనే బిగిస్తున్నారు.

సూళ్లూరుపేట వైపు రోడ్డు తిన్నగా ఉంటుంది, కాలు యాక్సిలరేటర్ మీద తెలియకుండానే బరువెక్కుతుంది. కొన్ని రేంజ్ రోవర్లు గంటకు 105 కిలోమీటర్లు దాటగానే అడక్కుండానే 15 మిల్లీమీటర్లు కిందికి దిగుతాయి. పొట్ట కింద దూరే గాలి తగ్గి నిలకడ పెరుగుతుంది, ఇంధనమూ కొంత మిగులుతుంది. తమాషా ఏమిటంటే, నాలుగు వరుసల రహదారి మీద కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం 100. చట్టాన్ని మన్నించేవాడి బండి ఈ దారిలో ఆ దింపుడు చూడనే చూడదు.

అయినా దిగడం ఎందుకు మంచిదో లెక్క వేసుకోవచ్చు. 2,400 కిలోల బండి, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 1.7 మీటర్లు, గరిమనాభి నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. డివైడర్ సందులోంచి బర్రె అడ్డం వచ్చింది. స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పారు. బండి మీద పక్కకు లాగే బలం దాని బరువులో నలభై శాతం అనుకుంటే, లోపలి చక్రాల మీది నుంచి బయటి చక్రాల మీదికి సుమారు 420 కిలోలు మళ్లుతాయి. ఇప్పుడు అదే బండిని 75 మిల్లీమీటర్లు లేపండి. చక్రాలు లేవవు కాబట్టి గరిమనాభి ఒక ఏడు సెంటీమీటర్లు పైకి పోతుంది. మళ్లే బరువు 460 దాటుతుంది. చక్రాల మధ్య దూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకె 1.13 నుంచి 1.04కు పడుతుంది. బోల్తా ప్రమాదాన్ని అంచనా కట్టడానికి అమెరికా రోడ్డు భద్రతా సంస్థ వాడేది ఈ అంకెనే. అది ఎంత తగ్గితే బండి అంత తేలిగ్గా పల్టీ కొడుతుంది.

సూళ్లూరుపేటలో తూర్పుకు తిరిగితే శ్రీహరికోట రోడ్డు. అటకానితిప్ప దాటాక రెండు పక్కలా పులికాట్ నీళ్లే. శీతాకాలంలో రాజహంసల కోసం వచ్చినవాళ్లు కార్లు పక్కకు తీసి ఆపుతారు. అడ్డు లేని గాలి ఇక్కడ బండి పక్కటెముకల మీద తోస్తుంది. లేచి నిలబడ్డ పెట్టెకు ఆ తోపు ఎక్కువ తగులుతుంది, స్టీరింగ్‌ను మాటిమాటికీ సర్దుకోవాల్సి వస్తుంది. వేసవిలో సరస్సు ఈ వైపు ఎండి తెల్లటి మైదానంలా కనిపిస్తుంది. పైన ఉప్పు పెచ్చు, కింద బురద. పెచ్చు విరిగితే చక్రం ఇరుసు దాకా దిగుతుంది. అక్కడ బండిని ఎంత లేపినా చక్రం కింద గట్టి నేల పుట్టదు. ఆ మైదానం పక్షులకే వదిలేయాలి.

మళ్లీ రహదారికి వచ్చి నాయుడుపేట, గూడూరు దాటి కృష్ణపట్నం వైపు మళ్లితే దారి స్వభావమే మారుతుంది. 2008లో ఓడరేవు మొదలయ్యాక బరువు లారీలు ఈ ప్రాంతానికి దినచర్య అయ్యాయి. ముత్తుకూరు చుట్టుపక్కల రొయ్యల గుంటలు. గుంటల గట్ల మీద మట్టిబాట, వానొస్తే చక్రాల గాళ్లు లోతవుతాయి, నడుమ మట్టి దిమ్మెలా నిలుస్తుంది. ఆ దిమ్మె పొట్టకు తగలకుండా ఉండాలంటే బండిని లేపాల్సిందే. డిఫెండర్ మామూలు ఎత్తు నుంచి 75 మిల్లీమీటర్లు లేస్తుంది. పొట్ట ఆనిందని తెలిస్తే మరో 70 దాకా లేస్తుంది.

ఆ ఎత్తుకు వెల ఉంది. చక్రం కిందికి చాచుకోగల దూరానికి ఒక హద్దుంటుంది. బండిని లేపామంటే చక్రాన్ని ముందే ఆ హద్దు దగ్గరికి చాపేశామన్నమాట. ఇక గుంటలో పడితే చక్రానికి కిందికి పోవడానికి చోటుండదు. హద్దుకు కొట్టుకుని ఢక్కుమంటుంది, లేదా గాల్లో వేలాడుతుంది. వేలాడే చక్రం బ్రేకు వేయదు, స్టీరింగ్ తిప్పినా బండిని తిప్పదు. చక్రాలు నిలబడే వాలూ కాస్త మారుతుంది, ఇంజిను శక్తిని మోసే షాఫ్టుల కీళ్లు మరింత వంగి పని చేస్తాయి. లేపిన బండి మెత్తగా కాక బిరుసుగా నడవడానికి కారణం తిత్తిలో పీడనం పెరగడం కాదు. మోసే బరువు అంతే కాబట్టి పీడనం దాదాపు మారదు. చక్రానికి మిగిలిన చోటు తగ్గడమే కారణం.

గట్టు మీద మాత్రం గాలి తిత్తులు ఒక మంచి పని చేస్తాయి. ల్యాండ్ రోవర్ బండ్లలో మట్టిబాట మీద ఎడమ కుడి తిత్తులను కలిపే కవాటం తెరుచుకుంటుంది. ఒక చక్రం దిబ్బ ఎక్కితే రెండోది కిందికి నొక్కుకుని నేలను పట్టుకుంటుంది. ఇదంతా గంటకు పది, ఇరవై కిలోమీటర్ల వేగంలో జరిగే పని. వేగం ఒక హద్దు దాటితే బండి మన మాట వినకుండా తానే దిగుతుంది. డిస్కవరీ 3లో ఆ హద్దు సుమారు 50 కిలోమీటర్లు. ఎత్తూ వేగమూ ఒక ఒరలో ఇమడని కత్తులని ఇంజినీర్లు సాఫ్ట్‌వేర్‌లోనే రాసిపెట్టారు. ముత్తుకూరు దగ్గర టీ కొట్టులో ఒక డ్రైవరు ఇదే సంగతిని తన మాటల్లో చెప్పాడు: “లేపి తోల్తే ఊగుద్దన్నా. దించి తోల్తే రోడ్డును అట్టా పట్టుకోనుంటది.”

నెల్లూరులో పెన్న వంతెన దాటితే కోవూరు పక్కనే పడుగుపాడు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు పెన్నకు ఉపనది. పెన్న మీది సోమశిల జలాశయం నుంచి వదిలిన వరద నెల్లూరును ముంచెత్తింది. పడుగుపాడు దగ్గర రహదారి కోసుకుపోయింది, రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. వాహనాలు కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోయాయి.

డిఫెండర్ 900 మిల్లీమీటర్ల నీటిలో నడవగలదని కంపెనీ చెబుతుంది. ఆ మాట నిలకడగా ఉన్న నీటికి, కింద నేల ఉన్నచోటికి వర్తిస్తుంది. అయిదు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పున్న బండి అడుగు దాదాపు పది చదరపు మీటర్లు. నీళ్లు లోపలికి రానంతసేపు, అడుగు పైన ప్రతి 75 మిల్లీమీటర్ల నీరూ దాన్ని 750 కిలోల బలంతో పైకి తేలుస్తుంది. బండిని లేపితే ఆ 750 కిలోల తేలింపు తప్పుతుంది, చక్రాలు నేలను కాస్త గట్టిగా నొక్కుతాయి. లాభం అంతే. నీళ్లు మరో మూడంగుళాలు పెరిగితే ఆ లాభం పోయినట్టే. పారే నీరు పక్కనుంచి తోస్తుంటే, దాని కింద రోడ్డే లేకపోతే, కోటి రూపాయల బండికీ ఆటోకీ తేడా లేదు. పడుగుపాడులో ఆగినవాళ్లే తెలివైనవాళ్లు.

వంతెన ఇవతలికి వచ్చి తూర్పుకు తిరిగితే ఇందుకూరుపేట మీదుగా మైపాడు. రోడ్డు ఇసుకలో ముగుస్తుంది. ఇక్కడ చాలామంది ముందు చేసే పని బండిని లేపడం. ముందు చేయాల్సింది టైర్లలో గాలి తీయడం. 35 పీఎస్‌ఐ నుంచి 18 దాకా దించితే టైరు పరుచుకుంటుంది, ఇసుక మీద తేలుతుంది. పొట్ట ఇసుకను దున్నకుండా ఎత్తు సాయపడుతుంది గానీ, దిబ్బ వాలు మీద అడ్డంగా పోతే అదే ఎత్తు పక్కకు పడేస్తుంది. వాలును నిలువునా ఎక్కాలి, నిలువునా దిగాలి. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఇసుక కింద ఏముందో స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాడికి కనపడదు కాబట్టి ఒడ్డు పైభాగంలోకి బండి పోనివ్వకపోవడం మర్యాద.

ఈ తీరపు గాలిలో ఉప్పూ చెమ్మా రెండూ ఉన్నాయి. కంప్రెసర్ పీల్చే గాలిలోని తడిని ఆరబెట్టే డ్రయ్యర్ పాడైతే ఆ తడి గొట్టాల్లోకి, కవాటాల్లోకి చేరుతుంది. రబ్బరు తిత్తి మడతల్లో ఇసుక నిలిస్తే గీసుకుపోతుంది. రాత్రి నిలబెట్టిన బండి తెల్లారేసరికి ఒక మూల కుంగి కనిపిస్తే గాలి కారుతున్నట్టే. బీచి నుంచి వచ్చిన రోజే మంచినీళ్లతో అడుగు కడిగించడం ఖర్చు లేని మరమ్మతు.

తడ నుంచి మైపాడు దాకా ఎత్తు నిజంగా అక్కరకొచ్చేది గుంటల గట్ల మీద, ఇసుకలో. అన్నీ కలిపినా కొద్ది కిలోమీటర్లే, అవీ మెల్లగా పోవాల్సినవి. మిగతా దారంతా కింద ఉండమనే అడుగుతుంది. తిరుగు ప్రయాణంలో తారు రోడ్డెక్కి వేగం అందుకోగానే బండి దానంతటదే దిగుతుంది. టైర్లలో తీసిన గాలిని మాత్రం ఏ కంప్యూటరూ గుర్తుపెట్టుకుని నింపదు. రోడ్డెక్కే ముందే ఆగి మనమే కొట్టించుకోవాలి.