ఎఱ్ఱసిరా దిద్దుబాటు

గడచిన సంవత్సరము మన పాఠశాలలో జరిగిన విజ్ఞానశాస్త్ర వ్యాసముల పోటీకి మేము పరీక్షకులముగా నుంటిమి. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె నాచుమొక్కలను గూర్చి వ్రాయుచు, ఫిస్కోమిట్రియం పేటెన్స్ అను నాచునందు 26 క్రోమోసోములు గలవని పేర్కొనెను. ట్రైనింగు కళాశాలలో చదివిన నాటినుండి మేము 27 అనియే నమ్మియుంటిమి. కావున ఆ యంకెను ఎఱ్ఱసిరాతో కొట్టివేసి రెండు మార్కులు తగ్గించితిమి. బాలిక మారు పలుకక కాగితము తీసికొని పోయెను. ఆ మౌనము మమ్ము కలతపెట్టగా, ఆ రాత్రి మరల చదువ నారంభించితిమి.

ఈ నాచు వానకాలమున మన గోడలపై పచ్చగా పెరుగు నాచునకు దూరపు చుట్టము. ప్రయోగశాలలలో వాడు వంశము 1962లో ఇంగ్లండునందలి గ్రాన్స్‌డెన్ అడవిలో వైట్‌హౌస్ అను శాస్త్రజ్ఞుడు సేకరించిన మొక్కయొక్క ఒకే సిద్ధబీజమునుండి వృద్ధియైనది. ఇందులో కోరిన జన్యువును కోరిన చోట మార్చుట సులభము. అయితే జన్యువులు ఉన్న చోటులను దెలుపు జీనోము పటము తప్పైనచో ప్రయోగమును తప్పుదారి పట్టును.

ఆ పటము మొదట 2008లో వెలువడెను. డి.ఎన్.ఏ.ను చిన్న తునుకలుగా చదివి, వాని అంచులను పోల్చి అతికించుట అప్పటి పద్ధతి. పలు పుటలలో ఒకే పంక్తి మరల మరల వచ్చు గ్రంథము చినిగిపోయినచో, ఏ తునుక ఎచ్చటిదో తెలియునా? ఆ చిక్కే ఇచ్చటను కలిగెను. 2018లో తునుకలను క్రోమోసోముల వరుసను గూర్చినను ఖాళీలును తప్పులును మిగిలెను. పిమ్మట నానోపోర్ యంత్రముతో మిక్కిలి పొడవైన తునుకలను చదివి, కణకేంద్రములో ఏ భాగము దేనికి సమీపముగా నున్నదో పరిశీలించి, 2024లో క్రొత్త పటమును ప్రకటించిరి. క్రోమోసోములు 26 అని తేలెను. మొదటి క్రోమోసోములో, పునరావృత్తి అధికమగుటచే, ఒక భాగము పూర్తి కాలేదనియు వారే వ్రాసిరి.

మరునాడు తరగతిలో నందఱియెదుట, "అమ్మా, తప్పు నీది కాదు, మాది" అని చెప్పి మార్కులు తిరిగి యిచ్చితిమి. ఆమె తల వంచుకొని, "మాస్టరుగారూ, మీరు చదివిననాడు పుస్తకములలో 27 అనియే యుండెను గదా" అనెను.

ఆ మాట మాకు ఊరట నిచ్చెను గాని, మా తప్పును మాపలేదు. పుస్తకము మారినప్పుడు మరల చదువుట ఉపాధ్యాయుని విధి. విద్యార్థులారా, మా దిద్దుబాటు సరికాదని తోచినచో మౌనముగా పోకుడు, వచ్చి అడుగుడు.