తాత భర్మార్

ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు ఒక శనివారం మా టీంలోని తెల్లాయన ఇంటికి రమ్మన్నాడు. వెళ్లేసరికి గరాజ్‌లో పాత రైఫిల్‌కి గొట్టం విప్పుతున్నాడు. గొట్టాన్ని వైస్‌లో బిగించాడు, వెనక భాగానికి పెద్ద రెంచి తగిలించాడు. మరలోకి ముందురోజే నూనె పట్టించాడట. గట్టిగా ఒక్క గుంజు గుంజాడు, టక్కున వదిలింది. నేను "అయిపోయిందా?" అన్నా. నవ్వాడు. "ఊడదీయడం ఎవరైనా చేస్తారు. కొత్త గొట్టం బిగించాక హెడ్‌స్పేస్ కొలవాలి. తూటా వెనక సందు ఎక్కువైతే డొల్ల చీలి, ఆ వేడి గ్యాస్ నా మొహానికే కొడుతుంది" అన్నాడు. మన ప్రొడక్షన్ సర్వర్‌లో పాత కోడ్ పీకేయడం లాంటిదేనన్నమాట :)

నాకు మాత్రం దేవరకొండ పక్కన మా ఊళ్లో, అటక మీదున్న తాత తుపాకి గుర్తొచ్చింది. భర్మార్. అంటే మూతిలోంచి మందూ గుండూ కూరి పేల్చేది. నల్లగొండ వాళ్లకి ఈ మాట కొత్త కాదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకి బలయ్యాక, వడిసెలలతో మొదలైన జనం చేతుల్లోకి తర్వాత భర్మార్లు కూడా వచ్చాయి. మా తాతది అంత చరిత్ర ఉన్నది కాదులెండి. పంట మీద పడే అడివి పందుల కోసం లైసెన్స్ తీసుకుని పెట్టుకున్నది.

ఆ ఏడు సెలవుకి ఊరెళ్లగానే దాన్ని దించా. గొట్టం వెనక మర తుప్పుకి పట్టేసింది. వేడి చేస్తే వదులుతుంది కదా అని బ్లో ల్యాంపు కూడా తెచ్చా. బాపు చూసి, "ఆగురా, కమ్మరాయన్ని రానీ" అన్నాడు.

పెద్దాయన వచ్చి తుపాకిని ముట్టుకోనేలేదు. ముందు "క్యాపు ఉన్నదా?" అని అడిగిండు. లేదన్నాం. పక్కన నిలబడి సన్నటి వెదురుపుల్ల మూతిలోంచి లోపలికి దింపి, అంచు దగ్గర గోటితో గుర్తు పెట్టిండు. పుల్ల బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూస్తే, మొదలుకి నాలుగేళ్ల ఎడం ఉంది.

"మీ తాత నింపే పెట్టిండు బిడ్డా. మందు తడవకుంటే ఎన్నేండ్లకైనా అంటుకుంటది."

నా చేతిలో బ్లో ల్యాంపు అట్లాగే ఉండిపోయింది. మా చిన్నది పక్కనే కూచుని చూస్తోంది.

తర్వాత తెలిసింది, 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేనివాడు తుపాకి రిపేరు వ్యాపారం చెయ్యకూడదు. లైసెన్సుదారు పోతే వారసులు ఆలస్యం చెయ్యకుండా స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పజెప్పాలి. తాత పోయి అప్పటికి ఆరేళ్లు! బాపు స్టేషన్‌కి ఫోన్ చేసి, లోపల మందు ఉందని ముందే చెప్పాడు. వాళ్లే వచ్చి తీసుకెళ్లారు, చీవాట్లు మాత్రం మాకు వదిలిపెట్టి.

గరాజ్‌లో నేను నేర్చుకున్నది మర విప్పడం. విప్పేముందు లోపల ఏముందో కొలవాలన్నది మాత్రం వెదురుపుల్లతో మా కమ్మరాయన నేర్పాడు. సోమవారం ఆఫీసులో ఎవరిదో పాత మాడ్యూల్ ముట్టుకునేముందు నాకు ఇప్పటికీ ఆ నాలుగేళ్ల ఎడమే గుర్తొస్తుంది.

మీ ఇంటి అటక మీద ఏముందో ఎప్పుడైనా చూశారా?